బల్ల మీది పత్తిచెట్టు

"పెట్టకు సలోమీ! గంపల పెట్టకు, చెప్తున్న!"

"పెడత. ఏం చేస్తవ్?"

బెంజమిన్ గంపను తన వైపు గుంజాడు. సలోమి అటునుంచి గుంజింది. గంపలో పత్తిచెట్టు అడ్డంగా పడి ఉన్నది. నడుమెత్తు పెరిగిన చెట్టు. వేళ్లకు అంటిన ఎర్రమట్టి ఇంకా ఆరలేదు. ఆకులు ఎర్రబారి ముడుచుకున్నాయి. కొమ్మ కొమ్మా వెతికినా ఒక్క కాయ లేదు. కొత్త చీర కట్టుకొని పండుగకు తయారైన మనిషి, పొద్దుపొద్దున్నే చేనుకు పోయి చెట్టు పీక్కొస్తుందని ఎవరనుకుంటారు? సలోమి సంగతి తెలిసినవాళ్లు మాత్రం అనుకుంటారు.

వాకిట్లో కుర్చీలో కూర్చున్న బెంజమిన్ అక్క ఎలీసబెతు చేతిలో చాయ్ కప్పు అట్లాగే నిలిచిపోయింది. ఆమె ఆసిఫాబాద్ నుంచి ఈ బూరుగుగూడకు వచ్చి గంట కూడా కాలేదు. గల్లీ నిండా కార్లు. గేటు దగ్గర తుపాకులు పట్టుకున్న జవాన్లు. కేంద్రంలో మంత్రికి సర్కారు ఎంత భద్రత ఇచ్చినా, మరదలి నోటి నుంచి కాపాడే పోలీసు ఇంకా పుట్టలేదు.

"ఇయ్యాల పంట కోత పండుగ," అన్నది సలోమి, గంప వదలకుండానే. "ఎవరి చేన్ల ఏం పండితే అది తీస్కపోయి మందిరంల బల్ల మీద పెట్టాలె. మన చేన్ల పండింది గిదే. గిదే పెడత."

"నలుగురు నవ్వుతరే."

"ఇప్పుడు నవ్వుతలేరా? వానకాలం సంది నిన్ను చూసి నవ్వనోడు ఎవడున్నడు చెప్పు. నవ్వుడు అయిపోయింది, ఇగ తిట్టుడు షురూ అయింది. ఇత్తనాల మీద కమీషన్ తిన్నవంటున్నరు. ఇయ్యాల పండుగ అయినంక సంఘం పెద్దలు కూసుంటరట. నీకు ప్రభు బల్ల బంద్ పెడతరట. నువ్వేమో గంప కోసం కొట్లాడుతున్నవ్!"

బెంజమిన్ చేతులు వదులైపోయాయి. ప్రభు బల్ల బంద్ అంటే మాటలా? సంఘమంతా లేచి పోయి రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటుంటే, ఆ ఒక్క మనిషి వెనుక బెంచీలో కూర్చొని చూస్తుండాలి. చిన్నప్పటి నుంచి ఆ మందిరంలో గంట కొట్టిన మనిషి బెంజమిన్. పాట ఎత్తుకునేది ఆయనే, పంట కోత పండుగనాడు గొంతెత్తి వేలం పాడించేదీ ఆయనే.

"అక్క ముందట గిదంతా ఎందుకు?" అన్నాడు నెమ్మదిగా.

"అక్క ముందటనే కావాలె!" సలోమి ఆడబిడ్డ వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ ఏడవడం లేదు. "వదినె, నువ్వు మంత్రివని అడుగుతలేను. పత్తి మీద చదివి డాక్టరువైనవ్, పత్తి మీదనే బతుకంత పెట్టినవ్. గందుకే అడుగుతున్న. తప్పు నువ్వు చేసిన పత్తి ఇత్తుదా, ఈయనదా?"

చాయ్ మీద మీగడ కట్టింది. ఎలీసబెతు ఆ మీగడనే చూస్తూ కూర్చున్నది.

"చూసినవా, చూసినవా!" అన్నది సలోమి. "మాట్లాడది. టీవీల ఎంత మంచిగ మాట్లాడుతది!"

బూరుగుగూడలో ఒక ఆచారం ఉన్నది. తొలకరికి ముందు విత్తనాలను మందిరానికి తీసుకుపోయి పాస్టరుగారితో ప్రార్థన చేయిస్తారు. ఆ తర్వాతే భూమిలో వేస్తారు. ఈ ఏడు బెంజమిన్ తన విత్తనాలతో ఊరుకోలేదు. అక్క పుట్టించిన కొత్త పత్తి విత్తనం సంచులు ట్రాలీలో తెప్పించి, సంఘమంతటికీ సరిపోయేన్ని, బల్ల ముందు వరుసగా పేర్చాడు. పాస్టరు జాన్సన్ సంచి సంచి మీదా చేయి పెట్టి ప్రార్థించాడు. ఇంకేం కావాలి? మన డాక్టరక్క చేసిన విత్తనం, పైగా ప్రార్థన చేసిన విత్తనం. పాత విత్తనాలు ఇళ్లలో మూల పడ్డాయి.

చెట్లు ఏపుగా పెరిగాయి. పూత నిండుగా వచ్చింది. శ్రావణంలో వాన మొహం చాటేసింది. నల్లరేగడిలో కొంత నిలబడింది గానీ, ఎర్రచెల్కల్లో పూత, గూడ అని పిలిచే లేత మొగ్గ కలిసి రాలిపోయాయి. మొగ్గ పిందె కాకముందే నేలపాలైంది. ఈ సంఘంలో ఎక్కువమందికి ఉన్నవి ఎర్రచెల్కలే.

బెంజమిన్ రాత్రింబగళ్లు ఆలోచించాడు. ప్రార్థన చేసిన విత్తనంలో తప్పుండదు. అక్క చేసిన విత్తనంలో అసలే ఉండదు. మరి ఇంకేం తప్పింది? తానే తప్పాడు. యూరియా ఎక్కువ వేయమన్నది తనే, సాళ్లు దూరం పెట్టమన్నది తనే. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "తప్పు నాదేనే" అని చెప్పుకుంటూ తిరిగాడు. పిచ్చి మారాజు! అడగకుండానే ఎవరైనా తప్పు నెత్తిన వేసుకుంటే, వద్దనే లోకమా ఇది?

"మేడం, ఒక్క నిమిషం," అంటూ గేటు తీసుకొని వంశీధర్‌రావు లోపలికి వచ్చాడు. కరీంనగర్ మనిషి. ఆమె ఎన్నికలన్నీ నడిపించినవాడు. మోచేయి దాకా మడిచిన తెల్లచొక్కా, రెండు చేతుల్లో రెండు ఫోన్లు. "ఢిల్లీ నుంచి ఫోన్. రేపటి మీటింగ్ పక్కా అయింది. ఎంపీలందరు ఒక్కటే మాట మీదున్నరు. ఇంకో పేరే లేదు మేడం!"

"ఏం మీటింగ్ సార్?" అన్నది సలోమి.

"గిదేందమ్మా, గింత తెల్వకపోతే ఎట్ల! రేపు మేడంను పార్టీ నాయకురాలిగ ఎన్నుకుంటరు. అంటే ప్రధాని అయినట్టే. మీ వదినె దేశాన్ని ఏలబోతుంది. నేనైతే వేములవాడ గుడిల కోడెను కడ్తనని మొక్కుకున్న."

సలోమి గంపను చంకకు ఎత్తుకున్నది. వంశీధర్‌రావుకు గంపలో చెట్టు కనబడింది. ఆయన తెలివైనవాడు, అడగలేదు. గొంతు తగ్గించి ఎలీసబెతు పక్కకు వంగాడు.

"మందిరం కాడికి టీవీలోల్లు వచ్చిండ్రు మేడం. జర పైలం. వాన దెబ్బతీసింది, సర్కారు ఆదుకుంటది, గా రెండు ముక్కలు చాలు. ఇత్తనం మాట ఎత్తకుండ్రి. ఎత్తితే రేపటిది లేదు. ఇప్పుడు పోతే ఇగ ఎప్పటికీ రాదు, నాకంటే మీకే ఎరుక."

ఎలీసబెతు కప్పు కింద పెట్టి లేచి వంటింట్లోకి నడిచింది.

*

తల్లి మార్తమ్మ నేల మీద కాళ్లు చాపుకొని ఎల్లిగడ్డ పొట్టు తీస్తున్నది. ఆరాధన అయ్యాక మందిరం దగ్గర అందరికీ భోజనాలు. బగార అన్నంలోకి ఎల్లిగడ్డ ప్రతి ఏడూ మార్తమ్మ ఇంటి నుంచే పోతుంది. బిడ్డ వచ్చి పక్కన పీట వాల్చుకొని కూర్చుంటే, ఏమీ అడగకుండా కొన్ని రెబ్బలు ఆమె ముందుకు నెట్టింది. దేశాన్ని ఏలబోయే మనిషి గోళ్లతో పొట్టు గీకడం మొదలుపెట్టింది.

"అవ్వా."

"ఊఁ."

"ఇత్తుదే తప్పు."

మార్తమ్మ చేయి ఆగింది. మళ్లీ నడిచింది.

"ముందే ఎరుకనా నీకు?"

ఎలీసబెతు ఇంకో రెబ్బ అందుకున్నది. ఎరుకనా అంటే ఏం చెప్పాలి? పరిశోధనా కేంద్రంలో ఉన్నప్పుడు ఆమె ఎంత మొండి మనిషో అందరికీ తెలుసు. ఒక విత్తనాన్ని మూడు వానకాలాలు, మూడు రకాల నేలల్లో చూడందే బయటికి పోనిచ్చేది కాదు. పై అధికారులు తిట్టినా, బదిలీ చేస్తామన్నా వినేది కాదు. ఆ మొండితనం చూసే జనం ఆమెను నెత్తిన పెట్టుకున్నారు, ఆ పేరుతోనే ఓట్లు వేశారు. చివరికి ఆమె మంత్రి అయ్యింది. ఈ విత్తనం అప్పటికి రెండు వానకాలాలే చూసింది, రెండూ మంచి వానలు పడిన ఏళ్లే. ఎన్నికలు ముందున్నాయి. రైతులకు ఏదో ఒకటి ఇవ్వాలన్నారు. విత్తనం విడుదలకు ఆమె సంతకం పెట్టింది.

సంతకం పెట్టిన తర్వాత, విత్తనం సంచుల్లోకి ఎక్కకముందు, ఒక ఫోన్ వచ్చింది. ఆమె దగ్గర పని నేర్చుకున్న శ్యాంసుందర్ చేశాడు. "మేడం, ఎర్రనేలల పెట్టిన చెట్లకు వాన ఆగంగనే గూడ రాలుతుంది. ఇంకొక్క సీజన్ ఆపుదాం మేడం" అన్నాడు. అప్పుడామె కారులో ఉన్నది, పక్కన పార్టీవాళ్లు ఉన్నారు. "చూద్దాం" అన్నది.

చూద్దాం! పరిశోధనా కేంద్రంలో ఉన్నన్ని ఏళ్లూ ఆ మాట ఆమె నోట ఎవరూ వినలేదు. అవునంటే అవును, కాదంటే కాదు. ఆ మాట ఢిల్లీకి పోయాకే నేర్చుకున్నది. ఇప్పుడు ఆ ఫోన్ గుర్తొచ్చినప్పుడల్లా అదే లెక్క వేసుకుంటుంది. ఒక్క సీజన్ ఆపితే ఏం పోయేది? ఎవరేమనేవాళ్లు? మహా అయితే ఓడిపోయేది. ఓడిపోతే మళ్లీ చెట్ల మధ్యకు పోయేది. ఎంత హాయిగా ఉండేది!

"ముందే ఎరుకనే అవ్వా," అన్నది.

మార్తమ్మ పొట్టును ఒక పక్కకు కుప్ప చేసింది. బయట సలోమి ఎవరినో కసురుతున్నది.

"లాంతరు గ్లాసు యాదికున్నదా?" అన్నది.

ఎలీసబెతు తల ఎత్తలేదు.

"పరీక్షలప్పుడు. చదువుకుంట చదువుకుంట కాలు తాకిచ్చి నువ్వు పలగ్గొట్టినవ్. మీ బాపు వచ్చి ఎవరు పలగ్గొట్టిండ్రని లొల్లి చేస్తే, వాడు ముందటికొచ్చి నేనే బాపు అన్నడు. ఎంతుండె వాడు? నా నడుము దాక లేడు. మీ బాపు కట్టెతోని ఎట్ల కొట్టిండు వాన్ని! నువ్వు చూసుకుంట నిలబడ్డవ్. మాట్లాడలే."

"చిన్నదాన్ని అవ్వా."

"చిన్నదానివే. గందుకే నేను కూడ మాట్లాడలే. చదువుకునే పిల్ల, పోనీ తియ్యి అనుకున్న. నేను చూసిన, బిడ్డా. నువ్వు పలగ్గొట్టుడు నేను చూసిన. మీ బాపుకు చెప్పలే." మార్తమ్మ పొట్టంతా కొంగులోకి ఊడ్చుకున్నది. "ఇప్పుడైతే నువ్వు చిన్నదానివి కావు. వాన్ని ప్రభు బల్ల కాడికి రానియ్యరట. వాడు బతుకడు బిడ్డా. తిండి లేకపోయినా ఉంటడు గని, గా బల్ల లేకుంటే వాడు ఉండడు."

"చెప్తనే అవ్వా. ఇయ్యాల మందిరంల అందరి ముందట చెప్త. తప్పు నాది, బెంజమిన్‌ది కాదని చెప్త. రేపు ఏమైతే అయింది."

"ఒట్టేనా?"

"ఒట్టు."

మార్తమ్మ ఎల్లిగడ్డ వాసన వేసే చేతితో బిడ్డ చెంప తడిమింది. ఇద్దరిలో ఎవరూ తలుపు వైపు చూడలేదు. నీళ్ల బిందె భుజాన పెట్టుకొని బెంజమిన్ అక్కడే నిలబడి ఉన్నాడు. బిందె నుంచి నీళ్లు చొక్కా మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. వచ్చినంత నెమ్మదిగా వెనక్కి పోయాడు.

*

మందిరం దాకా కార్లు వద్దన్నది ఎలీసబెతు. నడిచే పోదామన్నది. జవాన్లు ముందూ వెనుకా నడిచారు. సలోమి గంప నెత్తిన పెట్టుకొని అందరికంటే ముందు పోయింది, ఆ నడకే ఒక కొట్లాట. బెంజమిన్ అక్క పక్కన నడిచాడు.

"అక్కా, నువ్వు అవ్వతోని అన్నది ఇన్న."

"మంచిదే అయింది."

"చెప్పకు."

"ఇగ చాలురా. నువ్వెన్ని రోజులు మోస్తవ్? నువ్వు చెయ్యని తప్పు."

"చెప్తే రేపటిది పోతదా?"

"పోతది."

"మళ్ల రాదా?"

"రాదు. రాకపోతే రాకపాయె. నాకు గా కుర్చీ మీద మనసు లేదు."

బెంజమిన్ ఆమె మొహంలోకి చూశాడు. అక్కకు ఆ కుర్చీ మీద మనసున్నదో లేదో, ఆమె కంటే ఎక్కువ ఆయనకే తెలుసు. చిన్నప్పుడు బడిలో రెండో నంబరు వస్తే అన్నం తినకుండా పడుకున్న అక్క ఆమె. మందిరం గంట వినబడితే, "ఈ పిలగాండ్లు గంట కూడ సక్కగ కొడ్తలేరు" అన్నాడు.

మందిరం నిండిపోయింది. బల్ల మీద, బల్ల కింద, మెట్ల మీద గంపలు. మక్క కంకులు, కందికాయ, గుమ్మడికాయలు, కోడిగుడ్లు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ప్రతి ఏడూ తెల్లగా కుప్ప పోసే పత్తి మాత్రం ఈసారి రెండు చిన్న సంచులు. వాటి పక్కన సలోమి తన గంప దించింది. జనం మెడలు చాపి చూశారు, ఒకరినొకరు పొడుచుకున్నారు. పాస్టరు జాన్సన్ చూసి కూడా చూడనట్టు పాట నంబరు చెప్పాడు.

ఆరాధన అయ్యాక ఆ కానుకల వేలం. ఈసారి వేలం పాడించేది పౌలు. ఎప్పుడూ బెంజమిన్ నిలబడే చోట పౌలు నిలబడి మైకు పట్టుకున్నాడు. కౌలుకు తీసుకున్న ఎర్రచెల్క నిండా డాక్టరక్క విత్తనమే పెట్టి, కార్తీకంలో ఎడ్లను అంగడికి తోలినవాడు పౌలు. అయినా పండుగ పండుగే కదా. గుమ్మడికాయను ఎత్తి "గిది మా అత్త అంత బరువుంది, ఎవరు మోస్తరు!" అని నవ్వించాడు. ఒక కోడి తాడు తెంపుకొని టీవీ కెమెరా కాళ్ల మధ్య దూరింది. పిల్లలు దాని వెంట పడ్డారు. వంశీధర్‌రావు కూడా ఒక కోడిగుడ్ల గంపకు పాట పెంచి అందరినీ మెప్పించాడు.

ఆ నవ్వులోనే పౌలు చేయి సలోమి గంప మీద పడింది. నవ్వు ఆగిపోయింది. చెట్టును వేళ్లతో సహా పైకెత్తి పట్టుకున్నాడు. మట్టి రాలి బల్ల మీది తెల్లగుడ్డ మీద పడింది.

"ఇది బెంజమిన్ అన్న చేన్లది," అన్నాడు. "నా చేన్ల కూడ గిసుంటియే ఉన్నయ్. నా ఎడ్లు గీ చెట్టు కిందికే పోయినయ్. బల్ల మీదికి వచ్చింది ఇంటికి తిరిగి పోవద్దు, గది మన మందిరం పద్ధతి. ఎవరన్న పాట పాడుండ్రి."

ఎవరూ పాడలేదు. పిల్లల్ని కూడా తల్లులు కూర్చోబెట్టారు. "పాడుండ్రి," అన్నాడు పౌలు మళ్లీ. బెంజమిన్ మెడ వంచుకొని కూర్చున్నాడు. సలోమి మాత్రం మెడ ఎత్తి ఆడబిడ్డ వైపే చూస్తున్నది.

ఎలీసబెతు లేచింది.

ముందు వరుస నుంచి బల్ల దాకా నాలుగు అడుగులు కూడా లేవు. ఆ కాస్త దూరం నడిచి, పౌలు చేతిలోంచి మైకు తీసుకున్నది. ఎన్నో ఏళ్ల తర్వాత మనసు తేలికగా ఉన్నది. వంశీధర్‌రావు గోడకు ఆనుకున్నవాడు నిటారుగా నిలబడ్డాడు.

"ఈ చెట్టు ముచ్చట నేను చెప్త," అన్నది. "మీకందరికి చెప్పాల్సిన మాట ఒకటి నా కాడ ఉన్నది. ఈ ఇత్తు..."

"నేను చెప్త!"

బెంజమిన్ లేచి నిలబడ్డాడు. మైకు లేకపోయినా ఆ గొంతు మందిరమంతా నిండింది. ఏళ్ల తరబడి వేలం పాడించిన గొంతు అది.

"మా అక్కను అడగకుండ్రి, ఆమెకు తెల్వదు. అక్క పంపిన ఇత్తు మంచిదే. సంఘానికంత సరిపోలే. గందుకని నేనే ఇంట్ల ఉన్న పాత ఇత్తు, పుచ్చు ఇత్తు సంచులల్ల కలిపిన. ప్రార్థనకు తెచ్చేకంటే ముందే కలిపిన. దేవుని ముందట అబద్ధపు ఇత్తు పెట్టిన. తప్పు నాదే."

మందిరం ఒక్కసారి భగ్గుమన్నది. "అబద్ధం!" అని సలోమి అరిచింది. "అబద్ధం చెప్తుండు! ఆయన ఒక్క గింజ కలపలే! వదినె, చెప్పు! నువ్వు చెప్పు!" ఆమె మాట ఆ గోలలో ఎవరికి వినబడింది? పౌలు చేతిలో చెట్టు కిందపడింది. "ప్రార్థన చేసిన సంచులల్ల కలిపినవా అన్నా? మా పిల్లల నోట్ల మన్ను కొట్టినవా?" అంటూ ఏడ్చాడు ఆ మొగమనిషి. వెనుక నుంచి ఎవరో "ఇగ వీన్ని మందిరం గడప తొక్కనియ్యొద్దు" అన్నారు. ప్రభు బల్ల మాట దాటి గడప దాకా వచ్చింది వ్యవహారం.

అందరూ ఎలీసబెతు వైపు తిరిగారు. కెమెరాలూ తిరిగాయి.

ఒక్క మాట చాలు. కాదు, వాడు అబద్ధమాడుతున్నాడు, తప్పు నాది. నోటి దాకా వచ్చి ఉన్నది ఆ మాట. ఆమె తమ్ముడి వైపు చూసింది. బెంజమిన్ ఆమెను చూసి, ఎవరికీ కనబడకుండా, వద్దన్నట్టు చిన్నగా తల ఆడించాడు. గోడ దగ్గర వంశీధర్‌రావు రెండు ఫోన్లూ జేబులో పెట్టుకొని చేతులు జోడించాడు. అది నమస్కారమో, బతిమాలడమో తెలియలేదు. రేపు ఢిల్లీలో ఒక్క పేరే. ఆ పేరు తనదే. ఈ మందిరంలో నేల మీద కూర్చొని అక్షరాలు దిద్దుకున్న పిల్ల పేరు.

ఆమె నోరు తెరిచింది. వచ్చిన గొంతు ఇంటి గొంతు కాదు, సభల్లో వినబడే గొంతు.

"నా సోదరుడు తెలియక పొరపాటు చేశాడు. అతని తరఫున నేను మిమ్మల్ని వేడుకుంటున్నాను. దయచేసి నా తమ్ముణ్ణి క్షమించండి."

అంటూనే ఆమెకు తెలిసింది తానేమన్నదో. మాట బయటికి పోయాక వెనక్కి తెచ్చుకోవడానికి లేదు. అయ్యో, ఏమన్నాను, ఏమన్నాను నేను అని లోపల ఒకటే కొట్టుకున్నది. పైకి మాత్రం మొహం కదల్లేదు. ఆ అలవాటు కూడా ఢిల్లీలోనే అయ్యింది.

సలోమి అరవడం మానేసింది. కూర్చుండిపోయి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకున్నది. బెంజమిన్ మొహంలో మాత్రం పెద్ద బరువు దిగినంత నెమ్మది కనబడింది. వాడు అంత నెమ్మదిగా ఉండటం చూడలేక ఎలీసబెతు కళ్లు పక్కకు తిప్పుకున్నది.

పాస్టరు జాన్సన్ గొంతు సవరించుకున్నాడు. "సంఘం పెద్దలు ఆలోచన చేస్తరు. ఇగ ఈ చెట్టును పక్కకు పెట్టి..."

"పాట నేను పాడుత."

ఆడవాళ్ల వైపు చాప మీద నుంచి మార్తమ్మ లేస్తున్నది. పక్కనున్న ఆమె భుజం పట్టుకొని, మోకాళ్ల మీద చేతులు ఊని, చాలాసేపు పట్టింది లేవడానికి. జనం దారి ఇచ్చారు. నేరుగా వచ్చి, కిందపడ్డ చెట్టును వంగి తీసుకున్నది. వేళ్ల మట్టిని కొంగుతో తుడిచి ఎడమ చేత పట్టుకున్నది. కుడి చేయి బిడ్డ ముందు చాచింది. ఆ చేతికి ఎల్లిగడ్డ వాసన ఇంకా పోలేదు.

"మైకు ఇటియ్యి బిడ్డా," అన్నది. గట్టిగా అనలేదు. అయినా ముందు వరుసలన్నీ విన్నాయి. "లాంతరు గ్లాసు ముచ్చట చెప్త వీళ్లకు. అప్పుడు మీ బాపుకు చెప్పలేకపోయిన."

ఎలీసబెతు తల్లి చేతిని చూసింది. మైకు ఇవ్వడానికే చేయి కదిపిందనుకున్నారు చూసినవాళ్లంతా. కానీ ఆమె వేళ్లు మైకు చుట్టూ ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి.

మార్తమ్మ చేయి దించలేదు.